పార్సెల్ పోయినచో పరిహారం ఎంత?

చేనేత వస్త్రాలు, హస్తకళా వస్తువులు, పంపుసెట్ల విడిభాగాలు, విత్తనాలు మున్నగు సరుకులను పంపుకొనుటకు, తెప్పించుకొనుటకు నేడు పల్లెలలోని వృత్తిదారులు, డీలర్లు కొరియర్ సంస్థలపై ఆధారపడుచున్నారు. నూటికి తొంబదిసార్లు సరుకు క్షేమంగానే చేరవచ్చును. కాని ఒక్కసారి దారిలో పోయిన పార్సెల్, నెలల శ్రమఫలితాన్ని తనతోపాటు తీసుకొనిపోవును. అప్పుడు కొరియర్ కార్యాలయానికి వెళ్ళిన వారికి తరచుగా లభించు సమాధానం ఒక్కటే: "మీరు రసీదులో వ్రాసిన విలువ ఇంతే, మా షరతుల ప్రకారం ఇంతకు మించి ఇవ్వలేము."

ఈ సమాధానం అన్ని వేళలా న్యాయమైనది కాదు. అన్ని వేళలా తప్పు కూడా కాదు. సరుకు పోయిన తరువాత ఎంత పరిహారం రాగలదను విషయం చాలావరకు సరుకు పంపిననాడే, బుకింగ్ బల్ల వద్దనే నిర్ణయమగుచున్నది. కావున చట్టం ఏమి చెప్పుచున్నదో, తక్కువ విలువ వ్రాసినవారు సైతం ఎంతవరకు కోరవచ్చునో తెలిసికొని ఉండుట అవసరం.

చట్టం ఏమి చెప్పుచున్నది?

పూర్వం 1865 నాటి రవాణాదారుల చట్టం అమలులో ఉండెడిది. దాని స్థానంలో 2007లో చేసిన రోడ్డు రవాణా చట్టం 2011 మార్చి 1 నుండి అమలులోనికి వచ్చినది. లారీ ట్రాన్స్‌పోర్టు సంస్థలతోపాటు, ఇంటి నుండి ఇంటికి సరుకు చేరవేయు కొరియర్ సంస్థలను కూడ ఈ చట్టం "సాధారణ రవాణాదారు"గా స్పష్టంగా పేర్కొన్నది.

ఈ చట్టంలో మీకు అనుకూలమైన అంశం ఒకటి కలదు. సరుకు పోయినదనియో, అందలేదనియో దావా వేసినప్పుడు, అది సంస్థవారి నిర్లక్ష్యం వలన జరిగినదని మీరు రుజువు చేయనక్కరలేదు. సరుకు అప్పగించినట్లు, అది చేరనట్లు చూపిన చాలును.

మీకు పరిమితి విధించు అంశం మరొకటి కలదు. అది 10వ సెక్షన్. పంపువారు హెచ్చు రిస్కు ఛార్జీ చెల్లించుటకు స్పష్టంగా అంగీకరించని యెడల, రవాణాదారుని బాధ్యత నియమావళిలో చెప్పిన మొత్తానికే పరిమితమగును. 2011 నాటి నియమావళి ప్రకారం ఆ మొత్తం రవాణా ఛార్జీకి పది రెట్లు. అది కూడ మీరు అప్పగింత పత్రంలో వ్రాసిన విలువను మించరాదు.

ఒక లెక్క

ఈ నియమాన్ని ఒక ఊహాజనిత ఉదాహరణతో చూడుడు. పోచంపల్లి నుండి ఒక నేతగాడు 40,000 రూపాయల విలువగల చీరలను బెంగుళూరులోని దుకాణానికి పంపినాడనుకొనుడు. రవాణా ఛార్జీ 600 రూపాయలు.

మొదటి పరిస్థితి: ఖర్చు కలిసివచ్చునని విలువ 5,000 రూపాయలుగా వ్రాసినాడు. ఛార్జీకి పది రెట్లు 6,000 రూపాయలు. కాని వ్రాసిన విలువను మించరాదు కావున 5,000 రూపాయలే పరిమితి.

రెండవ పరిస్థితి: విలువను ఉన్నది ఉన్నట్లు 40,000 రూపాయలుగా వ్రాసినాడు, కాని రిస్కు ఛార్జీ కట్టలేదు. అప్పుడు పరిమితి 6,000 రూపాయలు.

మూడవ పరిస్థితి: విలువ 40,000 రూపాయలుగా వ్రాసి, సంస్థ నిర్ణయించిన హెచ్చు రిస్కు ఛార్జీ చెల్లించి, దానిని రసీదులో వ్రాయించుకొన్నాడు. అప్పుడు పది రెట్ల పరిమితి వర్తించదు. పూర్తి విలువను కోరు హక్కు ఏర్పడును.

రెండవ పరిస్థితిని ప్రత్యేకంగా గమనించవలెను. నిజమైన విలువ వ్రాసినంత మాత్రాన పూర్తి రక్షణ లభించినదని చాలమంది భావించుచున్నారు. అది సరికాదు. నిజమైన విలువ, రిస్కు ఛార్జీ ఈ రెండును కలిసినప్పుడే రక్షణ పూర్తియగును.

సంతకం విలువ

రసీదు వెనుక చిన్న అక్షరాలలో ముద్రించిన షరతులకు మీరు కట్టుబడి ఉండవలెనా? ఈ ప్రశ్న 1996లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చినది. భారతి నిట్టింగ్ కంపెనీ అను ఎగుమతి సంస్థ జర్మనీలోని కొనుగోలుదారునికి సరుకు పంపి, దాని పత్రాలను కొరియర్ ద్వారా పంపినది. పత్రాలు చేరలేదు. సీజను గడచినందున కొనుగోలుదారు తక్కువ ధర చెల్లించినాడు. ఆ తేడా 4 లక్షల 29 వేల రూపాయలకు పైగా ఉన్నది. అయినను, సంతకం చేసిన రసీదులో బాధ్యత 100 అమెరికన్ డాలర్లకే పరిమితమని ఉన్నందున, ఆ పరిమితినే సుప్రీంకోర్టు ఆమోదించినది. షరతులను చదవలేదనుట సాధారణంగా సమాధానం కాజాలదని దీని సారాంశం.

అయితే దీనికి మరొక పార్శ్వం కలదు. పంపినవారి సంతకం లేనప్పుడు, షరతులను వారి దృష్టికి తేనప్పుడు, కంటికి కనబడని అక్షరాలలోని పరిమితి వారిని బంధించదని జాతీయ వినియోగదారుల కమిషన్ కొన్ని కేసులలో తీర్పు చెప్పినది. కావున మీ రసీదును ఒకసారి పరిశీలించుడు. దానిపై మీ సంతకం ఉన్నదా? విలువ గడిని ఎవరు నింపినారు? రిస్కు ఛార్జీ కట్టు అవకాశం ఉన్నదని మీకు చెప్పినారా? తక్కువ విలువ వ్రాసియున్న కేసులో మీ వాదనకు బలం ఈ ప్రశ్నల నుండియే లభించును.

రిస్కు ఛార్జీ వేరు, బీమా వేరు

ఈ రెండింటిని ఒకటిగా భావించరాదు. రిస్కు ఛార్జీ కట్టినచో కొరియర్ సంస్థ తానే బాధ్యత వహించును. బీమా తీసికొన్నచో పరిహారం చెల్లించవలసినది బీమా కంపెనీ. "ఇన్సూరెన్సు" పేరుతో సొమ్ము వసూలు చేసినప్పుడు ఏ కంపెనీ పాలసీ, ఎంత మొత్తానికి అని అడిగి, పత్రం తీసికొనవలెను.

విలువకంటె తక్కువ మొత్తానికి బీమా చేసినప్పుడు, పాలసీలో సగటు నియమం ఉన్న యెడల నష్టం రెండింతలుగా తోచును. 40,000 రూపాయల సరుకుకు 10,000 రూపాయలకే బీమా ఉన్నదనుకొనుడు. సరుకంతయు పోయినచో గరిష్ఠంగా 10,000 రూపాయలు వచ్చును. సగం సరుకు, అనగా 20,000 రూపాయల సరుకు పాడైనప్పుడు, బీమా నాలుగవ వంతుకే ఉన్నందున నష్టంలోను నాలుగవ వంతు, అనగా 5,000 రూపాయలు మాత్రమే లభించును. బీమా కంపెనీ ఇచ్చినది పోగా మిగిలిన నష్టాన్ని పైన చెప్పిన పరిమితులకు లోబడి కొరియర్ సంస్థను కోరవచ్చును. ఒకే నష్టానికి రెండుసార్లు సొమ్ము పొందుట మాత్రం కుదరదు.

అందని పార్సెల్: ఏమి చేయవలెను?

మొదటిది, చేరవలసిన తేదీ దాటిన వెంటనే వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేయుడు. ఫోనులో చెప్పిన మాటకు సాక్ష్యం ఉండదు. ఫిర్యాదు సంఖ్య వ్రాసియుంచుకొనుడు. ట్రాకింగ్ వివరాలు తరువాత కనబడకపోవచ్చును గనుక, వాటిని వెంటనే ముద్రించి లేదా ఫోటో తీసి ఉంచుకొనుడు.

రెండవది, రసీదు, సరుకు ఇన్వాయిస్, సొమ్ము చెల్లించిన ఆధారం, ప్యాకింగ్ ఫోటోలు, అందలేదని తెల్పుచు కొనుగోలుదారు వ్రాసిన లేఖ ఒక చోట చేర్చుడు. ఈ-వే బిల్లు ఉన్నచో అది కూడ మంచి ఆధారం. దొంగతనం జరిగినదని అనుమానం ఉన్న యెడల పోలీసులకు ఫిర్యాదు చేయుడు.

మూడవది, నోటీసు. ఇది అన్నింటికంటె ముఖ్యమైనది. 2007 చట్టం 16వ సెక్షన్ ప్రకారం, సరుకు బుక్ చేసిన తేదీ నుండి 180 దినములలోగా రవాణాదారునికి వ్రాతపూర్వకమైన నోటీసు అందియుండవలెను. లేనిచో దావా నిలువదు. పోయినట్లు తెలిసిన తేదీ నుండి కాదు, బుక్ చేసిన తేదీ నుండి లెక్కింపు మొదలగును. "వెదకుచున్నాము, వచ్చే వారం రండి" అను మాటలతో కాలం గడచిపోవుచుండును; జాగ్రత్తపడవలెను. కొన్ని సంస్థల షరతులలోను, బీమా పాలసీలలోను ఇంతకంటె తక్కువ గడువు ఉండవచ్చును. ఆ గడువులోగా తెలియజేయుటయే క్షేమకరం.

నోటీసు నమూనా

"అయ్యా, ........ తేదీన మీ ........ శాఖలో ........ నంబరు రసీదు ద్వారా ........ చిరునామాకు పంపుటకు పార్సెల్ అప్పగించితిని. అందులోని సరుకు ........; దాని ఇన్వాయిస్ విలువ ........ రూపాయలు. పార్సెల్ ఈనాటి వరకు అందలేదు. ఈ లేఖను 2007 రోడ్డు రవాణా చట్టం 16వ సెక్షన్ క్రింద నోటీసుగా భావించవలెను. సరుకు విలువ ........ రూపాయలు, రవాణా ఛార్జీ ........ రూపాయలు ఈ నోటీసు అందిన 15 దినములలోగా చెల్లించవలెనని కోరుచున్నాను. లేనిచో చట్టప్రకారం చర్య తీసికొనగలను."

సరుకు పంపినవారే ఈ నోటీసు ఇచ్చుట మేలు. బుక్ చేసిన శాఖకు, ప్రధాన కార్యాలయానికి రెండింటికిని, అందినట్లు రుజువు లభించు విధంగా తపాలాలో పంపి, నకలు ఉంచుకొనవలెను. నోటీసులో ఉన్నది ఉన్నట్లు వ్రాయుడు. పోయిన తరువాత విలువ పెంచి కొత్త బిల్లు పుట్టించినచో, న్యాయమైన కోరిక కూడ చెడిపోవును.

ఎక్కడికి వెళ్ళవలెను?

సమాధానం రాని యెడల మూడు మార్గాలు కలవు.

జిల్లా వినియోగదారుల కమిషన్: 2019 చట్టం ప్రకారం మీరు నివసించు లేదా పనిచేయు జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చును. చెల్లించిన ప్రతిఫలం 5 లక్షల రూపాయల వరకు ఉన్నప్పుడు రుసుము లేదు. ఇక్కడ ప్రతిఫలం అనగా కొరియర్ ఛార్జీయే గాని సరుకు విలువ కాదు. గడువు రెండు సంవత్సరములు. న్యాయవాది లేకుండ స్వయంగా వాదించుకొనవచ్చును. ముందుగా 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయకేంద్రం ద్వారా రాజీకి ప్రయత్నించవచ్చును. కాని ఒక షరతు కలదు. వాణిజ్య ప్రయోజనం కొరకు పొందిన సేవ ఈ చట్టం క్రిందికి రాదు. స్వయం ఉపాధితో జీవనోపాధి గడుపుకొనువారికి మినహాయింపు ఉన్నది. సొంత మగ్గంపై నేసి అమ్ముకొనువారు ఈ సంగతిని ఫిర్యాదులో స్పష్టంగా వ్రాయవలెను.

శాశ్వత లోక్ అదాలత్: పెద్ద వ్యాపారం చేయు డీలర్లు ఈ మార్గాన్ని మరువరాదు. న్యాయసేవల ప్రాధికార చట్టం ప్రకారం సరుకు రవాణా, తపాలా, బీమా సేవలు ప్రజోపయోగ సేవలుగా పరిగణింపబడినవి. కోటి రూపాయల వరకు గల వివాదాలను, కోర్టుకు వెళ్ళుటకు ముందే ఇక్కడ దాఖలు చేయవచ్చును. కోర్టు ఫీజు లేదు. రాజీ కుదరనప్పుడు తీర్పు చెప్పు అధికారం దీనికి ఉన్నది. ఆ తీర్పుపై అప్పీలు లేదు. వివరాలకు జిల్లా న్యాయసేవాధికార సంస్థను సంప్రదించవలెను.

సివిల్ కోర్టు: పెద్ద మొత్తాలకు, సాక్ష్యాలు లోతుగా విచారించవలసిన వివాదాలకు ఇది తగినది.

ఎక్కడికి వెళ్ళినను, సీజను పోయినది, గిరాకీ పోయినది అను పరోక్ష నష్టాలు లభించుట కష్టం. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ దూరపు నష్టాలకు పరిహారం ఇవ్వదు. సరుకు విలువ, ఛార్జీ, ఖర్చులు వీటిపైననే దృష్టి నిలుపుట మంచిది.

నష్టం అమ్మినవారిదా, కొన్నవారిదా?

1930 నాటి సరుకుల విక్రయ చట్టం 39వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరుగా లేనప్పుడు, రవాణాదారునికి అప్పగించుట కొనుగోలుదారునికి అప్పగించినట్లే సాధారణంగా భావింపబడును. అయితే సరుకు స్వభావానికి తగిన విధంగా రవాణా ఒప్పందం చేసికొనుట అమ్మకందారుని విధి. ఆ విధిని విస్మరించినప్పుడు సరుకు పోయినచో, తనకు అందినట్లు ఒప్పుకొనుటకు కొనుగోలుదారు నిరాకరించవచ్చును. ఖరీదైన సరుకును స్వల్ప విలువ వ్రాసి పంపిన వ్యాపారి ఇటు కొరియర్ నుండి, అటు కొనుగోలుదారు నుండి సొమ్ము రాక మధ్యలో చిక్కుకొను ప్రమాదం ఉన్నది. రవాణాలో నష్టం ఎవరిదో ఆర్డరు తీసికొన్ననాడే వ్రాసికొనుట మంచిది.

బ్యాంకు అప్పుతో కొన్న సరుకు

క్యాష్ క్రెడిట్ సొమ్ముతో కొన్న సరుకు బ్యాంకుకు హామీగా ఉండును. అది పోయినను బాకీ తగ్గదు, వడ్డీ ఆగదు. కావున నష్టం జరిగిన వెంటనే శాఖకు లేఖ ద్వారా తెలియజేయుడు. లేని సరుకును స్టాకు పట్టికలో చూపుట తగదు. బీమా పాలసీలో బ్యాంకు పేరు ఉన్నప్పుడు పరిహారం ఆ ఖాతాకే రావలసి ఉంటుంది. జి.ఎస్.టి. చెల్లించు డీలర్లు మరొక విషయం గమనించవలెను: పోయిన సరుకుపై తీసికొన్న ఇన్‌పుట్ పన్ను జమను తిరిగి చెల్లించవలసి ఉంటుంది. నష్టం లెక్కించునప్పుడు దీనిని మరువరాదు.

తపాలా ద్వారా పంపువారికి

2007 రోడ్డు రవాణా చట్టం ప్రభుత్వానికి వర్తించదు. తపాలా శాఖకు 2024 జూన్ 18 నుండి 2023 నాటి పోస్టాఫీసు చట్టం అమలులో ఉన్నది. నియమాలలో నిర్దేశించిన మేరకే ఆ శాఖకు బాధ్యత. కావున విలువైన సరుకును తపాలాలో పంపునప్పుడు బీమా సదుపాయం, దాని గరిష్ఠ పరిమితి పోస్టాఫీసులో అడిగి తెలిసికొనుడు.

బుకింగ్‌కు ముందు

ఇన్వాయిస్‌లో ఉన్న విలువనే రసీదులో వ్రాయించుడు. "ఓనర్స్ రిస్కు" అని ముద్ర ఉన్నదేమో చూడుడు. హెచ్చు రిస్కు ఛార్జీ ఎంతో అడిగి, కట్టినచో రసీదులో వేయించుడు. ఖాళీ గడులు ఉన్న కాగితంపై సంతకం చేయవలదు. మీ ప్రతిని పార్సెల్ చేరి, సొమ్ము చేతికి వచ్చువరకు భద్రపరచుడు. రిస్కు ఛార్జీ అదనపు భారంగా తోచినచో, పోయిన సరుకును తిరిగి తయారు చేయుటకు ఎన్ని దినములు పట్టునో లెక్కించి చూడుడు.