సిపాయి బిడ్డలు – క్రొత్త బడులు

నెల్లూరు దాటి, పెన్న మీది వంతెన దాటి, ఉత్తరముగా పోవు రైలుమార్గమున పడుగుపాడు తరువాత వచ్చు చిన్న స్టేషను కొడవలూరు. ఇరుప్రక్కల వరిచేలు. చెన్నై నుండి ఢిల్లీకి, కలకత్తాకు పరుగిడు పెద్ద బండ్లకు ఈ స్టేషనుతో పని లేదు, కూతవేసి సాగిపోవును. కాని ఎచటనో సరిహద్దున కాపలా కాయుచున్న కొడవలూరు సిపాయికి ఈ పేరు ప్రాణముతో సమానము. సైన్యములో చేరిన నాడు వ్రాయించుకొను వివరములలో తండ్రి పేరు, గ్రామము, తపాలా కార్యాలయము – వీనితోపాటు ‘సమీప రైల్వే స్టేషను’ అను గడి యొకటి యుండును. ఎన్ని దండులు మారినను, ఎన్ని కొండలెక్కినను, ఆ గడిలోని పేరు మారదు. సెలవు దొరికిన నాడు సిపాయి మనస్సు మొదట చేరునది ఆ పేరు వద్దకే.

తండ్రికి ఊరున్నది. మఱి బిడ్డకో?

ఒక బాలుని ఊహించుకొందము. వయస్సు పది సంవత్సరములు. పుట్టినది సికింద్రాబాదు దండులో. అక్షరాభ్యాసము ఝాన్సీలో. మూడు, నాలుగు తరగతులు జబల్పూరులో. ఇప్పుడు తండ్రికి సరిహద్దుకు బదిలీ అయినది. అచటికి కుటుంబము పోరాదు. తల్లి సామానంతయు నల్లని ఇనుపపెట్టెలో సర్దినది. పెట్టెపై తెల్లని అక్షరములతో తండ్రి నంబరు, పేరు. ఆ పెట్టెతో, ఆ పిల్లవానితో ఆమె అత్తవారి ఊరు చేరినది. మరునాడు తాత చేయి పట్టుకొని బాలుడు ఊరి బడికి వచ్చినాడు. విరామవేళ పిల్లలు చుట్టుమూగి అడిగిన మొదటి ప్రశ్న: “మీదే ఊరురా?”

ఏమని చెప్పగలడు? జబల్పూరని చెప్పిన, అచట ఉన్నది సర్కారు వారి క్వార్టరు. దానిని ఖాళీ చేసి వచ్చినాడు. ఈపాటికి అందు మఱియొక సిపాయి సంసారము దిగియుండును. కొడవలూరని చెప్పిన, “మఱి నిన్నెప్పుడూ చూళ్లేదే?” అందురు. పెద్దలకు సులభమైన ఈ ప్రశ్న సిపాయి బిడ్డకు లెక్కల పరీక్షకంటె కష్టము.

ఇది ఒక్క బాలుని కథ కాదు. సైన్యములో ఉద్యోగస్థానములు రెండు విధములు. మొదటిది శాంతిస్థానము, సిపాయిలు దానిని ‘పీస్’ అందురు. అచట ఇండ్లు దొరికినచో భార్యాబిడ్డలతో కాపురము చేయవచ్చును. రెండవది ‘ఫీల్డు’. అది మంచుకొండ కావచ్చును, ఎడారి కావచ్చును. భార్యాబిడ్డలకు ప్రవేశము లేదు. రమారమి రెండు మూడు సంవత్సరముల కొకమారు ఈ రెండింటి మధ్య సిపాయి తిరుగుచుండును. అతని వెంట బిడ్డ చదువును తిరుగును. పదవ తరగతి ముగియులోపల నాలుగైదు బడులు చూచుట సైనిక కుటుంబములలో వింత కాదు.

తెలుగువారికి సైన్యము క్రొత్త కాదు. పూర్వపు మద్రాసు సైన్యములో తెలుగు సిపాయిలు పెక్కుమంది యుండిరి. సికింద్రాబాదు దండు 1806లో ఏర్పడినది. పశ్చిమ గోదావరిలోని మాధవరము ‘మిలిటరీ మాధవరము’ అను పేరుతోనే ప్రసిద్ధి కెక్కినది. ఆ ఊర తరతరములుగా సిపాయి ఉద్యోగము ఇంటి వృత్తివలె సాగినది. తండ్రులు ఇట్లు తిరుగుచుండగా బిడ్డల చదువు ఏమి కావలెనను ప్రశ్న చాల కాలము ఎవరికి వారే తీర్చుకొనవలసిన దయ్యెను. బ్రిటిషు ప్రభుత్వము సైనికుల కుమారుల కొఱకు కొన్ని వసతి పాఠశాలలను స్థాపించెను. అజ్మీరులో 1930లోను, బెంగుళూరులో 1946లోను అట్టివి ఏర్పడినవి. అవి కొలదిమందికే. తక్కిన వారికి రెజిమెంట్లు తమంతట తాము నడపుకొన్న చిన్న బడులే దిక్కు.

స్వాతంత్ర్యానంతరము ఈ చిక్కును విప్పుటకు గట్టి ప్రయత్నము జరిగినది. తఱచు బదిలీ యగు కేంద్రోద్యోగుల పిల్లలకు దేశమంతట ఒకే పాఠ్యక్రమము గల బడులుండవలెనని రెండవ వేతన సంఘము సిఫారసు చేయగా, 1962 నవంబరులో కేంద్రప్రభుత్వము ఆ పథకమును ఆమోదించినది. 1963లో, సైనికులు అధికముగా నున్న చోట్ల రెజిమెంట్లు నడపుచున్న 20 పాఠశాలలను కేంద్రము తన చేతిలోనికి తీసికొన్నది. అవియే తరువాత కేంద్రీయ విద్యాలయములుగా పేరొందినవి. 1965 డిసెంబరు 15న వాని నిర్వహణకు ప్రత్యేక సంఘము రిజిస్టరైనది. ఇరువదితో మొదలైన ఆ బడులు నేడు వేయికి పైబడినవి. జబల్పూరులో ఆఱవ పాఠము చదివి బయలుదేరిన పిల్లవాడు అస్సాములో ఏడవ పాఠము నందుకొనవచ్చును. పుస్తకము మారదు, పరీక్ష మారదు.

అదే కాలమున సైనిక పాఠశాలలును వచ్చినవి. మొదటిది 1961లో మహారాష్ట్రలోని సతారాలో వెలసినది. 1962 జనవరి 18న విజయనగరము చెంత కోరుకొండలో, రాజుగారి కోటలో, తెలుగునాటి మొదటి సైనిక పాఠశాల తెఱవబడినది. 2014లో చిత్తూరు జిల్లా కలికిరిలో రెండవది ఏర్పడినది. వీని ముఖ్యోద్దేశము బాలురను సైన్యాధికారులుగా తీర్చుట. తరువాతి కాలమున బాలికలకును ద్వారములు తెఱచినవి. ప్రవేశపరీక్ష నెగ్గిన బిడ్డకు ఏడేండ్లు ఒకే బడి, ఒకే పడక. తండ్రి ఎచటికి పోయినను వాని చదువు కదలదు. దాని వెల యేమన, ఆ ఏడేండ్లు తల్లియు దూరమే.

ఇన్ని ఏర్పాట్లున్నను, వలలో పెద్ద కన్నమొకటి మిగిలినది. తండ్రి ఫీల్డుకు పోయిన నాడు కుటుంబము చేరుకొనునది తఱచుగా సొంత గ్రామమునకే. గ్రామమున కేంద్రీయ విద్యాలయ ముండదు. ఉన్నది ఊరి బడి. అచట అడుగు పెట్టిన సిపాయి బిడ్డకు తన మాతృభాషయే పరీక్షాపత్రమై ఎదుట నిలుచును.

వాని కష్టమెట్టిదో ఉపాధ్యాయుడు కొంచెము ఓర్పుతో చూడవలెను. వాడు తెలుగు మాటాడును. ఇంట తల్లి మాటాడినది తెలుగే. కాని చదువలేడు. వాడు నేర్చినది నాగరి లిపి. హిందీ వ్రాతలో హ్రస్వమైన ‘ఎ’, ‘ఒ’లకు వేఱు అక్షరములు వాడుకలో లేవు. కావున ‘మెడ’కును ‘మేడ’కును గల భేదము వాని చెవికి తెలిసినను కలమునకు తెలియదు. హిందీలో రెండు హల్లులు కలిసినపుడు సాధారణముగా మొదటిదానిని సగము చేసి రెండవదాని ప్రక్కన చేర్చుదురు. తెలుగున రెండవది వత్తై క్రిందికి దిగును. అందుచే ‘అమ్మ’ అను మాటలో ఏ అక్షరము నిలువవలెనో, ఏది దిగవలెనో వానికి తోచదు. హిందీ వాడుకలో ‘ళ’కారము లేదు. “నా కల్లు నొస్తున్నాయి సార్” అని వాడు చెప్పిన, తరగతి యంతయు గొల్లుమనును. కన్నులను చెప్పబోయి తాటికల్లును చెప్పినాడు! ఆ నవ్వులో ద్వేషమేమియు లేదు. కాని మరునాటి నుండి వాడు నోరు మెదపడు. అట్లు మూతపడిన నోరు తెఱచుటకు ఒక్కొకప్పుడు ఏడాది పట్టును.

పల్లె విడిచి దండుకు పోయిన బిడ్డకు ఇదియే తిరగబడి ఎదురగును. తెలుగున రొట్టెకు, నీళ్లకు ఆడమగ భేదము లేదు. హిందీలో రోటీ స్త్రీలింగము, పానీ పుంలింగము. దానిని బట్టి క్రియయు మారవలెను. తెలుగునాట ప్రభుత్వ పాఠశాలలలో హిందీ ఆఱవ తరగతిలో మొదలగును; కేంద్రీయ విద్యాలయమున ఒకటవ తరగతి నుండియే నేర్పుదురు. ఐదవ తరగతిలో అచట చేరిన కొడవలూరు బిడ్డ నాలుగేండ్ల హిందీని ఒక్క యేట మ్రింగవలెను. బడి సంవత్సరము సైతము ఒకటి కాదు. అచట ఏప్రిల్‌లో క్రొత్త తరగతి మొదలగును, ఇచట జూన్‌లో. నడుమ వచ్చిన పిల్లవానికి కొన్ని పాఠములు రెండుమార్లు వచ్చును, కొన్ని అసలే రావు.

వయస్సు పెరిగిన కొలది మఱియొక చిక్కు. 1973లో రాజ్యాంగమునకు జరిగిన 32వ సవరణ ననుసరించి 1974లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు, కళాశాలా ప్రవేశములలో నూటికి 85 సీట్లు స్థానికుల కని నిర్ణయించినది. ప్రవేశమునకు వలసిన పరీక్షతో ముగియునట్లు వరుసగా నాలుగేండ్లు ఆ ప్రాంతమున చదివినవాడు స్థానికుడు. నెల్లూరు జిల్లా శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతములో చేరినది. తాతముత్తాతలు కొడవలూరు మట్టిలో పుట్టి గిట్టినను, చదువు జబల్పూరులో సాగినచో ఆ బిడ్డ ఈ కొలత కందడు. సైనికుల పిల్లలకు ప్రత్యేకించిన సీట్లున్నను అవి కొన్నియే. అందుచే సిపాయి ఇంట ఒక కఠినమైన లెక్క సాగును: తొమ్మిది, పది, ఇంటర్మీడియటు రెండేండ్లు – సరిగా నాలుగు. ఈ నాలుగేండ్లు బిడ్డను అవ్వ దగ్గఱ విడువవలెనా? తండ్రికి శాంతిస్థానము దొరికి, ఇల్లు దొరికి, ఎట్టకేలకు అందఱును ఒకచోట ఉండగల రోజులు కూడ తఱచుగా ఆ నాలుగేండ్లలోనే వచ్చును. ఏది కోరుకొన్నను రెండవది పోవును. పల్లెలో విడిచినచో చదువు నిలుచును, తండ్రి పరదేశి యగును. వెంట తీసికొని పోయినచో తండ్రి దొరకును, ఊరు జారిపోవును.

ఇట్టి బాధ మన దేశమునకే పరిమితము కాదు. అమెరికాలో సైనికుల పిల్లలు ఒక రాష్ట్రము నుండి మఱియొక రాష్ట్రమునకు మారినపుడు పత్రముల కొఱకు, పాఠ్యక్రమభేదము కొఱకు నష్టపోరాదని 2008లో రాష్ట్రముల మధ్య ఒడంబడిక యొకటి అమలులోనికి వచ్చినది. క్రమముగా 50 రాష్ట్రములును దానిలో చేరినవి. రూత్ యూసీమ్ అను అమెరికను సామాజిక శాస్త్రజ్ఞురాలు 1950 దశకములో భారతదేశమునకు వచ్చి, ఇచట నివసించు అమెరికను కుటుంబములను పరిశీలించినది. తల్లిదండ్రుల దేశమునకు గాని, పెరుగుచున్న దేశమునకు గాని పూర్తిగా చెందక, రెండింటి నడుమ తమదైన ‘మూడవ సంస్కృతి’లో పెరుగు పిల్లలను గూర్చి ఆమె తరువాత వ్రాసినది. విదేశీయుల పిల్లలను చూచి పుట్టిన ఆ మాట దండులో పెరిగిన తెలుగు బిడ్డకును కొంతవఱకు నప్పును. వాని ఊరు దండు. అందు పంజాబీ ఇరుగు, మలయాళీ పొరుగు, పండుగలన్నియు అందఱివి. ఆ ఊరు ఏ పటములోను ఒక్కచోట ఉండదు.

దీనిలో లాభము లేకపోలేదు. మూడు నాలుగు భాషలు, పలు వంటలు, పరాయివానితో పది నిమిషములలో మాట కలుపు నేర్పు – ఇవి ఊరు కదలని పిల్లవానికి సులభముగా అబ్బవు. కాని లాభము పెద్దైన పిదప తెలియును. నష్టము ఇప్పుడే, ఈ బల్లమీదనే తెలియును. ఈ నడుమనున్న కాలము ఉపాధ్యాయుని చేతిలో నున్నది.

దానికి పెద్ద పథకములు అక్కఱలేదు. మొదటి నెల వానిచేత తెలుగు వాచకమును గట్టిగా చదివింపకుండుట. దానికి మాఱుగా లెక్క యడుగుట. మనసులో ‘సాత్ అఠ్ఠే ఛప్పన్’ అనుకొని వాడు తెలుగున ఏబదియాఱని ఠక్కున చెప్పును. తోడివారు నవ్వు మఱచి చూతురు. గోడనున్న దేశపటము నొద్దకు పిలిచి తాను చదివిన ఊళ్లను చూపుమనుట. రైలు ఎన్ని రాష్ట్రములు దాటి వచ్చినదో వానిచేతనే చెప్పించుట. వత్తులు నేర్పుటకు ఓర్పు గల తోడివానిని ప్రక్కన కూర్చుండబెట్టుట. ఆఱవ తరగతిలో హిందీ మొదలైన నాడు ఆ ఋణము వీడు తీర్చును. ప్రక్క పిల్లలు చేయదగినదియు ఒకటి కలదు. “మీదే ఊరు?” అని అడిగి ఊరకుండక, “ఆటకు వస్తావా?” అని అడుగుట.

ఇక తండ్రికి జాబు. సైనికులకు వ్రాయు జాబు మీద ఊరి పేరుండదు. నంబరు, హోదా, పేరు, దళము. దాని క్రింద 56 ఎ.పి.ఓ. అనియో, 99 ఎ.పి.ఓ. అనియో సైనిక తపాలా గుర్తు. తండ్రి ఏ కొండమీద నున్నాడో అంచె చేర్చువారికి తెలియవలెను గాని ఇంటివారికి తెలియ నక్కఱలేదు. నేడు చేతిలో ఫోను లున్నవి. ఐనను ఫోను మాట గాలిలో కలియును, జాబు జేబులో నిలుచును. అవ్వ చెప్పుచుండగా పిల్లవాడు తెలుగున వ్రాయ మొదలుపెట్టిన నాడు, వాచకములో లొంగని వత్తులు ఇచట లొంగును. ఏలయన ఇది మార్కుల కొఱకు వ్రాయునది కాదు.

జాబునకు కుడివైపు పైమూలన, ఎక్కడ నుండి వ్రాయుచున్నదో తెలుపుట మన అలవాటు. క్రింద తండ్రి చిరునామాలో ఊరి పేరు లేకున్నను, పైన ఒకటి వ్రాయక తప్పదు. బాలుడు కలము పట్టుకొని కొంచెము సేపు ఆగును. పిదప, ‘డ’కారము కొంచెము వంకరగా వచ్చినను, తప్పులేకుండ, వ్రాయును: కొడవలూరు.