కొల్లేటిలో ఐదో కాంటూరు

కైకలూరు, ఆకివీడు వైపు చేపల చెరువుల దగ్గర ‘ఐదో కాంటూరు’ అన్న మాట తరచూ వినిపిస్తుంది. చెరువు ఆ గీతకు లోపల ఉందా, బయట ఉందా అన్నదే అక్కడి తగవు. ఆ గీతేమో నేల మీద కనిపించేది కాదు, పటం మీద గీసింది.

సముద్ర మట్టం నుంచి ఒకే ఎత్తులో ఉన్న చోట్లన్నిటినీ కలుపుతూ గీసేది కాంటూరు రేఖ. గీతలు ఒత్తుగా ఉంటే ఏటవాలు నేల, ఎడంగా ఉంటే చదును నేల.

సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 స్కేలు టోపోషీట్‌లో 2 సెంటీమీటర్లంటే నేల మీద 1 కిలోమీటరు. ఒక కాంటూరుకూ మరో కాంటూరుకూ ఎత్తు తేడా సాధారణంగా 20 మీటర్లు. కొండ ప్రాంతాలకు ఇది సరిపోతుంది. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పళ్లెంలా పరుచుకున్న కొల్లేరు సరస్సుకు సరిపోదు. ఐదో కాంటూరు ఎత్తు సముద్ర మట్టానికి 5 అడుగులు, అంటే సుమారు ఒకటిన్నర మీటర్లే. కొల్లేటి హద్దు తేలాలంటే అడుగుల లెక్కన ఎత్తులు కొలిచే ప్రత్యేక సర్వే కావాలి.

చదును నేలలో ఎత్తు కాస్త మారితే చాలు, గీత ఎంతో దూరం జరుగుతుంది. 5 కిలోమీటర్లకు 1 మీటరు వాలున్న చోట 2 అడుగుల ఎత్తు పెరగాలంటే 3 కిలోమీటర్లు నడవాలి. కొల్లేరు విస్తీర్ణం ఐదో కాంటూరు దాకా సుమారు 308 చదరపు కిలోమీటర్లయితే, పదో కాంటూరు దాకా 901. ప్రభుత్వం 1999లో ఐదో కాంటూరు వరకు అభయారణ్యంగా ప్రకటించింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో అందులోని చెరువుల గట్లు తెగ్గొట్టింది. 2008లో హద్దును మూడో కాంటూరుకు కుదించాలని శాసనసభ తీర్మానించింది. పైకి రెండడుగుల మాటే, దాని కింద వేల ఎకరాలున్నాయి.

బుడమేరు, తమ్మిలేరు తెచ్చే వరద కొల్లేట్లో చేరి, ఉప్పుటేరు గుండా సముద్రానికి పోవాలి. గట్లు వేసి నీరు నిలిచే చోటు తగ్గిస్తే, అదే వరద మరింత ఎత్తుకు లేచి పై కాంటూర్లలోని ఊళ్లను ముంచుతుంది.

సరస్సు పక్కన స్థలం కొనేవారు నీళ్లు ఎంత దూరమని అడుగుతారు. స్థలం ఎంత ఎత్తులో ఉందో ముందు తెలుసుకోండి. కొనే ముందే ఆ ఊరి కాంటూరు పటం చూడండి.