మీకు తెలుసా? తొలి తెలుగు అచ్చు పుస్తకం జర్మనీది!

ఇబ్రహీంపట్నంలో బడిపిల్లలు తిరగేసే తెలుగు పుస్తకాలకు పూర్వరూపాలు బెజవాడలోనో, మద్రాసులోనో కాదు, జర్మనీలోని హాలే పట్టణంలో అచ్చయ్యాయి. డెన్మార్క్ రాజు అండ ఉన్న తరంగంబాడి మిషన్‌కు 1719లో వచ్చిన జర్మన్ పాదిరి బెంజమిన్ షుల్జ్, తర్వాత ఇంగ్లీషు సంఘం డబ్బుతో మద్రాసులో పనిచేస్తూ తెలుగు నేర్చుకున్నాడు. తిరిగి వెళ్లాక 1746లో ప్రశ్న-జవాబుల మతబోధ పుస్తకాన్ని తెలుగు లిపిలోనే అచ్చు వేయించాడు. మతప్రచారమే లక్ష్యం, అందులో దాపరికమేమీ లేదు.

షుల్జ్ మరో రచనకు మాత్రం అంత త్వరగా అచ్చు యోగం పట్టలేదు: 1728లో రాసిన ఆయన తెలుగు వ్యాకరణం అచ్చయింది 1984లో, అదీ హాలేలోనే.