గుండె దడలోనూ గురి కుదరాలంటే...

ఒక చిన్న పరీక్ష. మూడంతస్తుల మెట్లు గబగబా ఎక్కండి. పైకి చేరీ చేరగానే సూదిలో దారం ఎక్కించి చూడండి. (గుండెజబ్బు, మోకాళ్ల నొప్పులు ఉన్నవారు ఊహించుకుంటే చాలు.) దారం కొస బెజ్జం చుట్టూ తిరుగుతుందే తప్ప లోపలికి దూరదు. పొద్దున కుదురుగా కూర్చున్నప్పుడు అదే దారం ఒక్కసారికే ఎక్కి ఉంటుంది.

బయథ్లాన్ అనే మంచు క్రీడలో ఆటగాళ్లు చేసేది ఇలాంటి పనే. మూడున్నర కిలోలకు తగ్గని తుపాకీని వీపున వేసుకుని, మంచు మీద స్కీలతో కిలోమీటర్ల కొద్దీ దూసుకొస్తారు. ఆగీ ఆగగానే 50 మీటర్ల దూరంలోని ఐదు లక్ష్యాలను కొట్టాలి. పడుకుని కాల్చేటప్పుడు లక్ష్యం వెడల్పు 45 మిల్లీమీటర్లే, అంటే నిమ్మకాయంత. చాలా పోటీల్లో ఒక్క గురి తప్పితే 150 మీటర్ల అదనపు చుట్టు తిరగాలి. ఆ సమయానికి గుండె నిమిషానికి 160-180 సార్లు కొట్టుకుంటూ ఉండటం మామూలే.

వాళ్లకు పుట్టుకతోనే గుండె నిబ్బరం ఎక్కువని అనుకుంటాం. నిజానికి ఆ నిబ్బరంలో పెద్ద పాలు సాధన చేసే చోటిదే. ఈ సంగతి ఎక్కడో మంచు దేశాలకే పరిమితం అనుకోకండి. ఈమధ్య మా ఓపీకి రోలర్ స్కేటింగ్ నేర్చుకుంటున్న పదమూడేళ్ల అమ్మాయిని తీసుకొచ్చారు. పోటీ ఉందంటే చాలు, ముందురోజు నుంచీ కడుపునొప్పి. రక్తపరీక్షలు, స్కానింగ్ అన్నీ మామూలుగానే ఉన్నాయి. ‘ప్రాక్టీస్‌లో బ్రహ్మాండంగా చేస్తుంది సార్, పోటీలోనే ధైర్యం చాలదు’ అంది తల్లి. ఆ అమ్మాయి తల ఎత్తలేదు.

ఒత్తిడి కూరలో ఉప్పులాంటిది

పోటీ ముందు అడ్రినలిన్ పెరగడం మంచిదే. చూపు చురుగ్గా ఉంటుంది, కండరాలకు రక్తం బాగా అందుతుంది. మోతాదు మించితేనే చిక్కు. నుదుటి వెనక ఉండే మెదడు భాగం ఆలోచనను, నిగ్రహాన్ని చూసుకుంటుంది. భయం హద్దు దాటినప్పుడు దాని పట్టు సడలి, లోపలున్న ప్రమాద ఘంటికలాంటి భాగానిది పైచేయి అవుతుంది. చేతులు వణుకుతాయి, తెలిసిన పని కూడా తడబడుతుంది.

అందుకే బయథ్లాన్ సాధనలో పరుగును, కాల్పులను కలిపి చేయిస్తారు. వేసవిలో మంచు లేకపోతే చక్రాల స్కీలపై రోడ్డు మీద పరుగెత్తి వచ్చి కాలుస్తారు. కాల్పుల చోటు దగ్గరపడుతుండగా వేగం కాస్త తగ్గించి, ఊపిరిని ఒక లయలోకి తెచ్చుకోవడం అలవాటు చేసుకుంటారు. గుండె వేగాన్ని పూర్తిగా దించడానికి వాళ్లకు వ్యవధి ఉండదు. ఆ వేగంలోనే పని చేయడం శరీరానికి నేర్పుతారు. వందలసార్లు అలా చేశాక గుండె దడ ప్రమాద సూచనగా అనిపించదు.

పడినా నీళ్లలోకే

స్కీలతో గాల్లోకి ఎగిరి పల్టీలు కొట్టే ఏరియల్స్ క్రీడాకారులు కొత్త విన్యాసాన్ని నేరుగా మంచు మీద మొదలుపెట్టరు. అమెరికాలోని యూటా ఒలింపిక్ పార్క్‌లాంటి చోట్ల వేసవిలో ఏటవాలు ర్యాంపు మీంచి ఈతకొలనులోకి దూకుతారు. అడుగు నుంచి గాలి బుడగలు వదిలి నీటి దెబ్బను మెత్తబరుస్తారు. అక్కడ మళ్లీ మళ్లీ చేసి, విన్యాసం కుదిరాకే మంచు మీదకు వెళ్తారు.

దీనివల్ల ఎముకలతో పాటు మనసూ భద్రంగా ఉంటుంది. తప్పు చేసినా ఏమీ కాదన్న చోట మెదడు ఆ తప్పును పాఠంగా తీసుకుంటుంది. దెబ్బ, తిట్టు, పరువు పోవడం వెంటనే ఎదురయ్యే చోట భయాన్నే గుర్తు పెట్టుకుంటుంది.

చోటు తెలిస్తే సగం ధైర్యం

ల్యూజ్‌లో చిన్న స్లెడ్ మీద వెల్లకిలా పడుకుని, గంటకు 130 కిలోమీటర్లు దాటే వేగంతో మంచు కాలువలో జారతారు. పోటీకి ముందు ఆటగాళ్లు కళ్లు మూసుకుని, తల, చేతులు కదుపుతూ ఒక్కో మలుపునూ మనసులో దాటుతారు. ఆ మానసిక పటం గీసుకోవాలంటే ముందు ట్రాక్ మీద చాలాసార్లు జారి ఉండాలి. మన శివ కేశవన్‌కు ఆ అవకాశం తక్కువ. దేశంలో అలాంటి ట్రాక్ లేకపోవడంతో స్లెడ్‌కు చక్రాలు బిగించి, హిమాలయాల రోడ్ల మీద వాహనాలను తప్పించుకుంటూ సాధన చేశారు. అలాగే 1998 నుంచి 2018 వరకు ఆరు ఒలింపిక్స్‌లో పోటీపడ్డారు. ఆయన పట్టుదలకు చేతులెత్తి మొక్కాల్సిందే. కానీ ప్రతి పిల్లవాడూ అలా నెగ్గుకురావాలని ఆశించడం న్యాయం కాదు.

చలి, ఎత్తు, నిద్ర

గుల్మార్గ్ సముద్రమట్టానికి సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉంది. అంత ఎత్తుకు కొత్తగా వెళ్లినవారికి మొదటి కొన్ని రాత్రులు నిద్ర సరిగా పట్టకపోవచ్చు, తలనొప్పి రావచ్చు. చలికి వేళ్లు మొద్దుబారతాయి. నిద్ర చాలని మెదడుకు చిన్న విషయానికే చిరాకు, తొందరపాటు. దాన్ని క్రమశిక్షణ లోపంగా లెక్కగట్టి మందలిస్తే పని మరింత చెడుతుంది. శరీరం అలవాటు పడేందుకు కొన్ని రోజులు ఇవ్వడమే సరైన మందు.

పక్కన నిలబడే మనిషి

2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో రష్యాకు చెందిన పదిహేనేళ్ల స్కేటర్ కమీలా వలియేవా షార్ట్ ప్రోగ్రామ్‌లో అందరికన్నా ముందుంది. డోపింగ్ వివాదం నడుమ ఫ్రీ స్కేట్‌లో పదేపదే పడి, నాలుగో స్థానానికి జారింది. ఏడుస్తూ బయటికొచ్చిన ఆమెను కోచ్ ఓదార్చకుండా ‘ఎందుకు వదిలేశావ’ని నిలదీయడం ప్రపంచమంతా చూసింది. ఆ తీరు తనను కలచివేసిందని నాటి ఒలింపిక్ కమిటీ అధ్యక్షుడు థామస్ బాక్ బహిరంగంగానే అన్నారు. ఆ ఏడాదే అంతర్జాతీయ స్కేటింగ్ సమాఖ్య సీనియర్ పోటీల కనీస వయసును క్రమంగా 15 నుంచి 17కు పెంచాలని నిర్ణయించింది.

నార్వే దారి వేరు. అక్కడ పదకొండేళ్ల లోపు పిల్లల పోటీల్లో ర్యాంకుల పట్టికలు ఉండవు. పదమూడేళ్ల లోపు జాతీయ చాంపియన్‌షిప్‌లూ ఉండవు. ముందు ఆట మీద ఇష్టం కుదరాలన్నది వాళ్ల ఉద్దేశం. దాదాపు 55 లక్షల జనాభా ఉన్న ఆ దేశం బీజింగ్‌లో 16 స్వర్ణాలతో పట్టికలో మొదట నిలిచింది. అందుకు కారణాలు చాలా ఉంటాయి. అయితే పసివాళ్లను భయపెట్టకపోతే చాంపియన్లు రారన్న వాదన మాత్రం నిలబడదు.

మనసుకూ గాయమవుతుంది

అమెరికా స్కీ క్రీడాకారిణి మికేలా షిఫ్రిన్ 2024 నవంబరులో పోటీలో పడిపోయింది. పొత్తికడుపు పక్కన లోతుగా గాయమైంది. గాయం మానింది కానీ, వేగంగా జారాల్సిన చోట శరీరం ఆమె మాట వినలేదు. ప్రమాదం తర్వాత వెంటాడే మానసిక ఒత్తిడి, పీటీఎస్‌డీ, తనను వేధిస్తోందని దాచుకోకుండా చెప్పి, సైకాలజిస్టు సాయం తీసుకుంది. 2025 ఫిబ్రవరిలో వందో ప్రపంచకప్ విజయం సాధించింది. ఆమెకే సాయం కావాల్సివచ్చినప్పుడు మన పిల్లలు అడగడానికి సిగ్గెందుకు?

మీరు గమనించాల్సినవి

పిల్లలను ఏ ఆటలో చేర్చినా ఒకరోజు మైదానం అంచున కూర్చుని చూడండి.

• పిల్లవాడు తప్పు చేయగానే ముందు కోచ్ ముఖం వైపు చూస్తున్నాడా? భయం ఉందన్నమాట.

• పోటీలాంటి పరిస్థితిని ముందే కొద్దికొద్దిగా అలవాటు చేస్తున్నారా? అలసటలో, నలుగురి ముందు, కొత్త చోట సాధన ఉండాలి.

• పోటీకి ముందు కడుపునొప్పి, వాంతి, నిద్రలేమి పదేపదే వస్తుంటే డాక్టర్‌కు చూపించండి. శారీరక కారణం లేదని తేలితే ‘నటిస్తున్నావ్’ అనకండి. ఆ నొప్పి నిజమైనదే.

• ఇంటికొచ్చాక మొదటి ప్రశ్న ‘ఎన్నో స్థానం?’ కాకుండా చూసుకోండి.

• దిగులు, భయం తగ్గకపోతే మానసిక వైద్యులను కలవండి. టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు.

మా ఓపీకి వచ్చిన అమ్మాయిని విడిగా కూర్చోబెట్టి అడిగితే, పడినప్పుడల్లా అందరి ముందూ గుంజీలు తీయిస్తారని చెప్పింది. కడుపునొప్పికి మందు రాయలేదు. శిక్షణ ఇచ్చే చోటు మార్చమని తల్లికి చెప్పాను. నెల తర్వాత ఇద్దరూ వచ్చారు. పోటీలో అయిదో స్థానం వచ్చిందట. ఈసారి ఆ విషయం చెప్పింది అమ్మాయే, తలెత్తి.