రొయ్యల చెరువులలో యాంటీబయాటిక్‌ల గుర్తింపు: లాంథనైడ్ సమన్వయ పాలిమర్ల ఉపయోగం, పరిమితులు

నెల్లూరు తీరంలోని ఇందుకూరుపేట, విడవలూరు, ముత్తుకూరు మండలాల రొయ్యల సాగు ప్రధానంగా ఎగుమతులపై ఆధారపడినది. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల వంటి నిషేధిత మందుల అవశేషాలు బయటపడినచో సరుకు తిరస్కరణకు గురికాగలదు. యూరోపియన్ యూనియన్ 2016లో భారతీయ ఆక్వా ఉత్పత్తుల తనిఖీని 10 శాతం నుండి 50 శాతానికి పెంచింది. అవశేషాల నిర్ధారణకు వాడే మాస్ స్పెక్ట్రోమెట్రీ చెరువు గట్టుకు తరలివచ్చే యంత్రం కాదు. అందువలన గట్టుమీదనే ప్రాథమిక పరీక్షకు లాంథనైడ్ సమన్వయ పాలిమర్ల నానోకణాలు పరిశోధకుల దృష్టిని ఆకర్షిస్తున్నవి.

యూరోపియం, టెర్బియం అయాన్లు స్వయంగా కాంతిని అత్యల్పంగా గ్రహిస్తాయి. టెరిఫ్తాలిక్ ఆమ్లం వంటి కర్బన లైగాండ్లు ఈ అయాన్లను వలవలె కలిపి, అతినీలలోహిత కాంతిని తాము గ్రహించి ఆ శక్తిని లోహ అయానుకు అందజేస్తాయి. దీనినే యాంటెన్నా ప్రభావమంటారు; వైస్మన్ 1942లో దీనిని గుర్తించాడు. అప్పుడు యూరోపియం సుమారు 615 నానోమీటర్ల వద్ద ఎరుపు, టెర్బియం 545 నానోమీటర్ల వద్ద ఆకుపచ్చ కాంతిని వెలువరిస్తాయి. ఈ వెలుగు మిల్లీసెకన్ల స్థాయిలో నిలుస్తుంది. చెరువు నీటిలోని శైవలాల ప్రతిదీప్తి నానోసెకన్లలోనే ఆరిపోతుంది. కనుక ఉత్తేజక కాంతి ఆగిన కొన్ని మైక్రోసెకన్ల తరువాత కొలిచినచో నీటి సొంత వెలుగు అడ్డురాదు.

టెట్రాసైక్లిన్లు యూరోపియంతో బంధమేర్పరచుకొని ఎరుపు వెలుగును పెంచుతాయి. నైట్రోఫ్యూరాన్లు మాత్రం అతినీలలోహిత కాంతిని తామే గ్రహించి వెలుగును తగ్గిస్తాయి. వెలుగు తగ్గుటకు ఇనుము అయాన్లు, నీటిలోని సేంద్రియ పదార్థం కూడ కారణం కావచ్చును గనుక పెరుగుదలను చూపే పరీక్షయే ఎక్కువ నమ్మదగినది.

విస్తరణ శాస్త్రవేత్తలు గమనించవలసిన ముఖ్య విషయం మరొకటి కలదు. నైట్రోఫ్యూరాన్లు రొయ్య శరీరంలో త్వరగా విచ్ఛిన్నమై, వాటి జీవక్రియా ఉత్పన్నాలు మాంసకృత్తులకు అంటిపెట్టుకొని ఉంటాయి. ప్రయోగశాలలు వెదకేది ఈ ఉత్పన్నాలనే. పాలిమర్ గుర్తించేది మాతృ ఔషధాన్ని. కనుక ఈ పరీక్ష మేతకు, నీటికి తగినదే గాని రొయ్య మాంసానికి కాదు.

సున్నితత్వమూ సమస్యయే. క్లోరాంఫెనికాల్‌కు యూరప్‌లో చర్య తీసుకొనే స్థాయి కిలోకు 0.15 మైక్రోగ్రాములు, అనగా సుమారు 0.46 నానోమోల్. ఒక మైక్రోమోలార్ వరకే గుర్తించే సంవేదకం దానికి రెండువేల రెట్లకు పైగా వెనుకబడి ఉన్నట్లే. ఆక్సీటెట్రాసైక్లిన్ పరిమితి కిలోకు 100 మైక్రోగ్రాములు. ఆ లక్ష్యం అందుబాటులోనిదే.

మేత వ్యర్థాల నుండి చెరువులో చేరే ఫాస్ఫేట్ లాంథనైడ్‌తో గట్టిగా బంధించుకొని పాలిమర్ వలను విడగొట్టగలదు. శుద్ధజలంలో గీసిన ప్రామాణిక రేఖను ఉప్పునీటి చెరువుకు యథాతథంగా వర్తింపజేయరాదు. అదే చెరువు నీటికి తెలిసిన మోతాదులో మందు కలిపి రేఖను మరల గీయవలెను.