మజ్దా ఎంఎక్స్-5 కారుకు చక్రాలు, టైర్ల ఎంపిక

మజ్దా ఎంఎక్స్-5 జపానుకు చెందిన మజ్దా కంపెనీ తయారుచేస్తున్న రెండు సీట్ల, పైకప్పు తెరవగలిగే స్పోర్ట్స్ కారు. 1989లో చికాగో వాహన ప్రదర్శనలో మొదటిసారిగా చూపబడిన ఈ కారు ఉత్తర అమెరికాలో మియాటా అనే పేరుతో ప్రసిద్ధి చెందింది. కంపెనీ బిగించిన చక్రాలను తీసివేసి ఇతర తయారీదారుల చక్రాలు, టైర్లు అమర్చుకోవడం దీని యజమానులలో ఎంతో వాడుకలో ఉన్న అలవాటు. ఒక చక్రం కారుకు సరిపోతుందా లేదా అన్నది దాని అందాన్ని బట్టి గాని, అమ్మకందారు మాటను బట్టి గాని కాక, కొన్ని కొలతలను బట్టి తేల్చవలసి ఉంటుంది. కొలత తప్పితే టైరు మడ్‌గార్డుకు రాసుకోవడం మొదలుకొని నడుస్తున్న కారు నుండి చక్రం ఊడిపోవడం వరకు ఏదైనా జరగవచ్చు. ఈ వ్యాసంలోని ఉదాహరణలు ప్రధానంగా మొదటి తరం (1989–1997) కారుకు చెందినవి.

హబ్ వద్ద కొలతలు

మొదటి తరం కారు హబ్‌కు నాలుగు స్టడ్లు ఉంటాయి. వాటి కేంద్రాల గుండా పోయే వృత్తం వ్యాసం 100 మి.మీ. దీనిని 4×100 అని వ్రాస్తారు. రెండవ తరంలోనూ ఇదే కొలత కొనసాగింది. 2005లో వచ్చిన మూడవ తరంలో ఇది 5×114.3గా మారి, 2015లో వచ్చిన నాలుగవ తరంలో తిరిగి 4×100 అయింది. కనుక "ఎంఎక్స్-5 చక్రాలు" అని చెప్పి అమ్మేవన్నీ ప్రతి ఎంఎక్స్-5కూ ఎక్కవు.

నాలుగు రంధ్రాల చక్రంలో ఎదురెదురు రంధ్రాల కేంద్రాల మధ్య దూరమే ఈ వ్యాసం. ఐదు రంధ్రాలు ఉంటే పక్కపక్క రంధ్రాల కేంద్రాల దూరాన్ని 1.701తో గుణించాలి. ఫియట్ కార్లలో తరచు కనిపించే 4×98 చక్రం ఈ హబ్‌పై ఎక్కినట్లే అనిపిస్తుంది. తేడా రెండు మిల్లీమీటర్లే గదా అని నట్లు బలవంతంగా బిగిస్తే స్టడ్లు వంగుతాయి, నట్లు సరిగా కూర్చోవు. ఇటువంటి చక్రాన్ని వదిలివేయడమే మేలు.

చక్రం మధ్య రంధ్రం ఈ కారుకు 54.1 మి.మీ. ఉండాలి. అంతకంటే చిన్నదైతే చక్రం ఎక్కదు. పెద్దదైతే, ఉదాహరణకు 56.1 మి.మీ. ఉన్న హోండా చక్రమైతే, ఖాళీని పూరించే రింగు వేసి చక్రాన్ని హబ్ మధ్యకు తీసుకురావచ్చు. రింగు లేకపోతే వేగంలో స్టీరింగు అదరవచ్చు.

నట్ల సంగతి చాలామంది పట్టించుకోరు. మజ్దా స్టడ్ల మర ఎం12×1.5. చక్రానికి ఆనే నట్టు ముఖం శంఖాకారంలో, 60 డిగ్రీల కోణంతో ఉంటుంది. హోండా కంపెనీ చక్రాలలో ఆ గూడు గుండ్రంగా ఉంటుంది. శంఖాకారపు నట్టును గుండ్రటి గూటిలో బిగిస్తే సన్నని అంచు మాత్రమే ఆనుతుంది, కొంత దూరం నడిచాక నట్టు వదులవుతుంది. పైకి మాత్రం ఏ లోపమూ కనిపించదు. స్టడ్డు వ్యాసానికి సమానమైన పొడవు వరకైనా నట్టు ఎక్కాలన్నది సాధారణ నియమం. 12 మి.మీ. స్టడ్డుకు 1.5 మి.మీ. మర గనుక ఇది ఎనిమిది చుట్లు. మందమైన స్పేసరు వేసినప్పుడు ఈ లెక్క తప్పే అవకాశం ఎక్కువ.

వెడల్పు, ఆఫ్‌సెట్

చక్రం వెడల్పుకు సరిగ్గా మధ్యనున్న గీత నుండి, చక్రం హబ్‌కు ఆనే ముఖం వరకు ఉన్న దూరాన్ని ఆఫ్‌సెట్ అంటారు. దీనిని ఈటీ అనే అక్షరాలతో సూచిస్తారు. ఆనే ముఖం మధ్య గీతకు బయటి వైపు ఉంటే ఆఫ్‌సెట్ ధనాత్మకం. ఈ కారుకు మొదట వచ్చిన చక్రం 14 అంగుళాల వ్యాసం, 5.5 అంగుళాల వెడల్పు, ఈటీ45.

దీని స్థానంలో 15 అంగుళాల వ్యాసం, 7 అంగుళాల వెడల్పు, ఈటీ35 ఉన్న చక్రం అమర్చుతారనుకుందాం. పాత చక్రం వెడల్పు 139.7 మి.మీ., అందులో సగం 69.85. ఆనే ముఖం నుండి ఇది బయటకు 24.85 మి.మీ., లోపలికి 114.85 మి.మీ. విస్తరిస్తుంది. కొత్త చక్రంలో సగం వెడల్పు 88.9 గనుక బయటకు 53.9, లోపలికి 123.9 అవుతుంది. అంటే బయటి అంచు సుమారు 29 మి.మీ. ముందుకు వస్తుంది, లోపలి అంచు 9 మి.మీ. సస్పెన్షన్ వైపు జరుగుతుంది. వెడల్పు ఒక్కటే చూసి కొనేవారికి ఈ రెండవ సంఖ్య కనిపించదు. ఆఫ్‌సెట్ తగ్గినకొద్దీ టైరు మధ్య గీత బయటకు జరుగుతుంది, రోడ్డు కుదుపులు స్టీరింగులో మరింత తెలుస్తాయి.

కాగితంపై లెక్క సరిపోయినా, కారు కిందికి అణిగినప్పుడు, స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు టైరు ఎక్కడా తగలకుండా ఉందో లేదో చూడాలి. బ్రేకు కాలిపర్‌కు చక్రపు ఆకులు తగలడం వేరే సమస్య. వ్యాసం చాలినంత ఉన్నా ఆకుల వంపును బట్టి తగలవచ్చు.

టైరు కొలత

మొదటి టైరు 185/60ఆర్14. 185 మి.మీ. వెడల్పులో 60 శాతం, అంటే 111 మి.మీ., పక్క గోడ ఎత్తు. రెండు గోడలు 222, రిమ్ము 355.6, మొత్తం వ్యాసం 577.6 మి.మీ. 195/50ఆర్15 టైరు ఇదే పద్ధతిలో 576 మి.మీ. వస్తుంది, తేడా 0.3 శాతమే. 15 అంగుళాలకు మారేవారు ఎక్కువగా దీనినే ఎంచుకోవడానికి కారణమిదే. 205/45ఆర్16 తీసుకుంటే వ్యాసం 590.9 మి.మీ. అవుతుంది. స్పీడోమీటరు గంటకు 100 కి.మీ. చూపేటప్పుడు కారు 102 కి.మీ. దాటి పోతుంటుంది, గేర్ల లాగుడు కూడా ఆ మేరకు తగ్గుతుంది.

195/50ఆర్15 టైరుకు ప్రమాణాలు అనుమతించే రిమ్ము వెడల్పు 5.5 నుండి 7 అంగుళాలు. ఇంకా వెడల్పైన రిమ్ముపై టైరును సాగదీసి ఎక్కించడం చూపుల కోసం చేసే పని. భార సూచిక కంపెనీ టైరు కంటే తగ్గకూడదు. 82 అంటే ఒక్కొక్క టైరుకు 475 కిలోలు. వేగ సూచికలో హెచ్ అక్షరం గంటకు 210 కి.మీ., వి అక్షరం 240 కి.మీ. సూచిస్తాయి. టైరుపై తయారీ తేదీ నాలుగు అంకెలలో ఉంటుంది: 2319 అంటే 2019లో 23వ వారం.

పెద్ద చక్రాల ప్రభావం

మొదటి తరం కారు బరువు సుమారు 950 కిలోలు మాత్రమే. ఇంత తేలిక కారుకు 17 అంగుళాల బరువైన చక్రాలు అమర్చితే స్ప్రింగుల కింది బరువు పెరుగుతుంది, గతుకులపై చక్రం నేలను విడిచి ఎగురుతుంది. పక్క గోడ పలచబడటంతో గుంతలో పడినప్పుడు రిమ్ము వంగే ప్రమాదం ఉంది. అందుచేత ఈ కారుకు 15 అంగుళాల తేలికైన చక్రమే తగినది. పరీక్షకు నిలిచిన జపాను చక్రాలపై జేడబ్ల్యూఎల్ గుర్తు ఉంటుంది.

అమర్చేటప్పుడు నట్లను ఎదురెదురుగా, 88 నుండి 118 న్యూటన్ మీటర్ల బలంతో బిగించాలి. సుమారు 100 కి.మీ. నడిచిన తరువాత మళ్ళీ సరిచూడాలి. భారతదేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నమైన మార్పులను నియంత్రిస్తుంది. జర్మనీలో ఇటువంటి చక్రాలకు ఆమోదపత్రం అవసరం.