కప్ప చర్మములోని తలుపులు

తొలకరి వానలు కురిసి, కాలువలకు నీరు వదలినంతనే గోదావరి డెల్టాలోని వరిచేలు కప్పల బెకబెకలతో మారుమ్రోగును. గట్టుపై కూర్చున్న గోదురుకప్పను ముట్టినచో చేతికి జిగురు తగులును. ఆ తడియే దాని ప్రాణము. కప్ప నోటితో నీరు త్రాగదు, చర్మముతోనే పీల్చుకొనును. ఊపిరితిత్తులతోపాటు చర్మముతోను శ్వాసించును. చర్మము ఎండినచో ఆ శ్వాస సాగదు. కావుననే చర్మమందలి చిన్నచిన్న గ్రంథులు దానిని తడుపుచుండును.

ఈ తడి ఎట్లు పుట్టును? గ్రంథికణము లోపల పొటాషియము మెండు. వెలుపల సోడియము మెండు. కణపు పొరలోని యంత్రమొకటి మూడు సోడియము అయానులను వెలికి త్రోసి, రెండు పొటాషియము అయానులను లోనికి తెచ్చుచుండును. ఆ పొటాషియము మరల వెలికిపోవుటకు పొరలో మాంసకృత్తులతో నిర్మితమైన ద్వారములు కలవు. అవి అన్నియు ఎల్లవేళల తెరచియుండవు.

కప్ప బెదరినపుడు నరముల చివరలనుండి నారడ్రినలిను వంటి రసాయనము గ్రంథిని చేరును. అంతట కణములో కాల్షియము పెరిగి, తాళపుచెవి వలె పెద్ద పొటాషియము ద్వారములను తెరచును. ధనావేశముగల పొటాషియము వెలికిపోగా కణము లోపల ఋణావేశము హెచ్చును. అది ఋణావేశముగల క్లోరైడును గ్రంథి బోలులోనికి నెట్టును. క్లోరైడు వెంట సోడియము, ఆ ఉప్పు వెంట నీరు నడచును. పని ముగిసిన పిమ్మట కాల్షియము తగ్గును, ద్వారములు మూతపడును. లేనిచో కప్ప తన ఉప్పును, నీటిని ఊరక పోగొట్టుకొనును. యూరపు కప్పల గ్రంథులపై జరిగిన పరిశోధనలవలన ఈ క్రమము తెలిసినది.

కప్ప చర్మము సోడియమును మోయు తీరును డెన్మార్కు శాస్త్రజ్ఞుడు హాన్స్ ఉస్సింగు 1951లో విద్యుత్తుతో కొలిచి చూపెను. ఆ దేశీయుడే యగు జెన్స్ స్కౌ 1957లో పైన చెప్పిన యంత్రమును వెల్లడించెను. ఆ యంత్రమునకు ఇంధనము ఏ.టి.పి. అను పదార్థము. దానిని 1929లో ఫిస్కేతో కలసి అమెరికాలో కనుగొన్నవారిలో ఒకరు, 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. అదే సంవత్సరమున జర్మనీలో లోమనును దానిని వేరుగా కనుగొనెను. చేనిలోని కప్పను నడపు ఇంధనమే మన దేహమునందలి ప్రతి కణమును నడపుచున్నది.

నీటిని రానిచ్చు చర్మము విషమును కూడ రానిచ్చును. చేలపై చల్లిన పురుగుమందు మడినీటిలో కలసి, ఆ దారినే కప్పలో ప్రవేశింపగలదు. పైరుపురుగులను తిని రైతునకు మేలుచేయు ఈ జీవి కాళ్ల ఎగుమతిని భారత ప్రభుత్వము 1987లో నిషేధించినది. వల తప్పించుకొన్న కప్ప మందునీటిలో మడియకుండ కాపాడుట చేనివారి చేతిలో నున్నది.